నల్లేరులో లాల

తూర్పు కొండల వెనక ఎవరో కుంకుమ బరిణె బోర్లించినట్టు ఆకాశమంతా ఎర్రబడింది. పచ్చని చిలుకల బారు ఒకటి ఆ ఎరుపును అడ్డంగా కోసుకుంటూ ఎగిరిపోయింది. అడవిమల్లెల వాసన మోసుకుంటూ చల్లగాలి లోయలోకి దిగింది. ఇంత సొగసు కళ్ల ముందు పరుచుకుని ఉన్నా వెన్నెలకోన మహారాణి కుముదినీదేవికి మాత్రం ఒకటే చింత. ముందు దారిలో ఏరుందట. పేరు నల్లేరట. ఆ పేరులోనే నలుపుంది. నీళ్లు నల్లగా కనిపించాలంటే అదెంత లోతు ఉండాలి? అందులో మొసళ్లుండవా? మొసళ్లు లేకపోతే సుడిగుండాలైనా ఉండవా?

మహారాణి అన్న మాటే గాని ఆమె ఒంటి మీద ఇప్పుడు రాణివాసపు గుర్తు ఒక్కటీ లేదు. ముతక చీర, ముక్కున ఇత్తడి పుల్ల, చంకలో రంగుల బుట్ట. చూసినవాళ్లు బొమ్మలకు రంగులు వేసుకుని బతికే మనిషి అనుకోవాలి. అంతఃపురంలో వేడుకగా నేర్చుకున్న చిత్రలేఖనం ఇలా అక్కరకొస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

ఆమె కొడుకు రత్నాంగదుడు వారం కిందట వెండిరంగు గుర్రమెక్కి పొద్దున్నే తోటలోకి వెళ్లి, మరి తిరిగి రాలేదు. భటులు అడవులన్నీ గాలించారు. ఆమె మాత్రం తోటలో నేల మీదికి వంగి చూసింది. గుర్రపు డెక్కల అచ్చులు మొదట అరచేయంత ఉన్నాయి. పోనుపోను రేగుపండంత అయ్యాయి, తర్వాత కందిగింజంత అయ్యాయి, చివరికి ఆవగింజంతై మల్లెపాదు దగ్గర ఆగిపోయాయి. ఆ పక్కనే మనిషి పాదం ఒకటి, చేతికర్ర దిగిన గుంట ఒకటి. గుంట అడుగున తేలు ముద్ర.

తేలు ముద్ర గరళగిరి వాళ్లది. గరళగిరికి రాజు ధూమకేశుడు. మాంత్రికుడు కూడా వాడే.

వెన్నెలకోనకూ గరళగిరికీ తాతల కాలం నుంచి ఒక కట్టడి ఉంది. తగవు ఏదొచ్చినా నెత్తురు చిందకూడదు. రెండు రాజ్యాలకూ నడుమనున్న గుట్ట మీద పటశాలలో సరిహద్దు పటం పరిచి, దాని మీద బొమ్మల దండులు నడిపి గెలుపు తేల్చుకోవాలి. దాన్నే పటపోరు అంటారు. రాకుమారుడు మాయమైన నాడే, ఆ సంగతి అక్కడికి చేరేలోపే పోరు మొదలైపోయింది. ఇప్పుడు అక్కడే విశ్వంభర మహారాజు, అంటే కుముదినీదేవి భర్త, ధూమకేశుడితో పోరులో ఉన్నాడు. పోరు ముగియకుండా లేచినవాడు సరిహద్దు కోన మొత్తం వదులుకోవాలి. అందుకే రాకుమారుడు మాయమైన కబురు రాజు చెవిన వేయడానికి ఎవరికీ నోరు రాలేదు.

"కొంచెం ఓపిక పట్టండమ్మా" అన్నాడు మంత్రి.

కుముదినీదేవికి ఓపిక అన్న మాట తెలుసు గాని దాని ముఖం ఎన్నడూ చూసి ఎరగదు. కొడుకు తుమ్మితే జ్వరమనీ, నవ్వితే పొలమారుతుందనీ, కొలనులో కాలు పెడితే మునిగిపోతాడనీ ఇరవై ఏళ్ల వాడిని ఇప్పటికీ కాచుకునే తల్లి. అందుకే ఎవరికీ చెప్పకుండా ఇలా వేషం కట్టి బయలుదేరింది. పటశాలలో రంగులు దిద్దే మనిషి కావాలని దారిలో తెలిసింది. ఆవగింజంత గుర్రానికీ, చిట్టి బొమ్మలాడే చోటుకూ ఏదో లంకె ఉండకపోదని ఆమె మనసు చెబుతోంది.

దారి మలుపులో మేకలు తోలుకుంటూ ఒక ఆడమనిషి ఎదురైంది. పేరు పోలి.

"ఏమమ్మా, నల్లేరు ఇంకెంత దూరం?" అని కుముదినీదేవి ఆత్రంగా అడిగింది.

"వచ్చేసినావు గదమ్మా."

"పడవ దొరుకుతుందా? పడవవాడు మంచివాడేనా? నడి ఏట్లో కూలి పెంచమని పేచీ పెట్టడు గదా?"

పోలి ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత కర్ర మీద వాలి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓలమ్మో! ఏరు లేదు, పడవా లేదు. నల్లేరంటే ఇదిగో, ఈ తీగ! నువ్వు తొక్కతా ఉండావు సూడు, అదే!"

కుముదినీదేవి కిందికి చూసింది. నిజమే. నాలుగు పలకల పచ్చని కాడలు, కణుపు కణుపుకీ ఒక ఆకు. బండల మీద, తుప్పల మీద, కనుచూపు మేర ఆ తీగే అల్లుకుపోయింది. ఇంట్లో పచ్చడి చేసుకునే నల్లేరు అది!

"మరి నీళ్లో?"

"ఈడ నీల్లా? మా మేకలు గుక్కెడు నీల్లకి ఆ గుట్ట దిగాల. కాలు తడుపుకుందామన్నా సుక్క దొరకదు. ఇంకేం బయం లేదు, పో తల్లీ."

కుముదినీదేవి సిగ్గుపడుతూనే తీగలను దాటింది. దాటుతూ పాములుంటాయేమోనని మళ్లీ భయపడింది.

పటశాల ద్వారం దగ్గర కాపలావాడు ఆమెను ఆపి చేతులు చాపమన్నాడు. పనిచేసే చేతులో కావో చూస్తాడన్న మాట. ఇలాంటిది జరుగుతుందని ఆమె ముందే భయపడి, దారి పొడుగునా అరచేతులకు సున్నం రుద్దుకుంటూ వచ్చింది. పగుళ్లు తేలి ఎర్రబారిన ఆ చేతులు చూసి కాపలావాడు "అయ్యో, మందు రాసుకో" అంటూ పక్కకు తప్పుకున్నాడు.

లోపల అడుగుపెట్టగానే కుముదినీదేవి భయాలన్నీ ఒక్క క్షణం ఎటో పోయాయి. గరుడపచ్చల కిటికీల్లోంచి పచ్చని వెలుగు జలజలా రాలుతోంది. చందనపు స్తంభాల మీద చెక్కడాలు, వాయించే చేతులు, ఆడే పాదాలు, ఎగిరే హంసలు. మధ్యగదిలో, నూర్పిడి కళ్లమంత వెడల్పున పరిచి ఉంది పటం. కొండలు కాటుకరంగు, అడవులు ఆకుపచ్చ, బాటలు పసుపు. వేలెడంత కోటలు. వాటి నడుమ ఇత్తడి ఏనుగులు, లక్క కాల్బలం, వెండి గుర్రాలు. పటానికి అటొక తెర, ఇటొక తెర. పటం చుట్టూ అంచునే కంచు పాము ఒకటి చుట్టుకుని పడుకుంది. దాని కళ్లు మాత్రం కంచువి కావు, నిజం కళ్లు.

పటం పక్కన తెల్లగడ్డం ముసలాయన, పొడుగాటి వెదురుపుల్ల చేత పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన్ను అందరూ నడిమయ్య అంటారు. ఎటూ మొగ్గకుండా పోరు నడిపే పెద్ద ఆయనే.

"రంగులు దిద్దడానికొచ్చావా అమ్మీ? రా, కూచో. ఒకటి చెబుతాను, బాగా విను. బొమ్మలకు జానెడు దూరంలోపు కుంచె పెట్టకు. పోరు నడుస్తుండగా వాటిని నా పుల్ల తప్ప ఏదీ తాకకూడదు. తాకితే ఆ పాము కాటేస్తుంది. ఆట సంగతి ఇక్కడి మనిషి పైకి పలికినా కాటేస్తుంది. నాతో గుసగుసగా అయితే పరవాలేదు."

"అయ్యబాబోయ్" అని ఆమె పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ కళ్లు మాత్రం పటం మీంచి కదలలేదు. మెల్లగా అడిగింది. "మరి రాజులేరయ్యా? ఆడేవాళ్లు పటం దగ్గర ఉండొద్దూ?"

నడిమయ్యకు ఆట గురించి అడిగేవాళ్లంటే ప్రాణం. ముందుకు జరిగి కూర్చున్నాడు.

"అదే దీని సొగసు! ఈ తెర వెనక విశ్వంభర మహారాజు, ఆ తెర వెనక ధూమకేశుడు. ఎవరి గదిలో వాళ్లకు చిన్న పటం. అందులో వాళ్ల దండే కనిపిస్తుంది. ఎదుటివాడి దండు ఏ కొండ చాటున ఉందో తెలీదు. వాళ్లు తెర వెనక నుంచి ఎత్తు చెబుతారు, నేనిక్కడ అసలు పటం మీద నడుపుతాను. ఎదురుపడ్డప్పుడే ఒకరి సంగతి ఒకరికి చెబుతాను."

"తిండీ తిప్పలూ? బొమ్మలైతే మాత్రం?"

"భలే అడిగావు! పోరులో సగం అదే. ధాన్యం బండ్లు వెనకబడితే దండు కదలదు. వానపాచిక వేస్తాను, వాన పడితే మట్టిబాటలు మూతపడతాయి. ఏటికి పడవలు తేవాలి, పడవ లేకుండా దిగిన దండు మునిగినట్టే లెక్క. రెండు దండులూ ఎదురుపడితే, ఆ మూల ఇసుకతొట్టి చూశావా, అక్కడ పోరు."

"ఓడిన బొమ్మలనేం చేస్తారు?"

నడిమయ్య గొంతు తగ్గింది. తొట్టి పక్కన నిప్పులు కణకణలాడే కుంపటి వైపు గడ్డంతో చూపించాడు. "పూర్వం సంచీలో వేసేవాళ్లం. ఈ పటమూ, ఈ బొమ్మలూ ధూమకేశుడే కానుకగా తెచ్చాడు. పటంతో పాటు ఈ కొత్త కట్టడి కూడా తెచ్చాడు. పడినవి, మునిగినవి కుంపటికి పోవాలి."

 కొండల్లో కోనల్లో ఒక్కో బొమ్మనే చూసుకుంటూ వచ్చిన ఆమె చూపు పటం నడుమ ఒక వెండి గుర్రం మీద ఆగింది. దాని మీద కత్తి దూసిన రౌతు. రౌతు ముఖం చిక్కుడు గింజంత.

"ఆ వెండిగుర్రం చూశావా" అన్నాడు నడిమయ్య. "ఎంత నాజూకు పని! కానీ రౌతు చెవి వెనక ఏదో నల్లని మరక. ఎవరు చేశారో గాని తుడవడం మరిచారు. ఆట ముగిశాక తుడువు."

అది మరక కాదు, దిష్టిచుక్క. గుర్రమెక్కే ముందు "ఏంటమ్మా, చంటిపిల్లాడినా!" అని విసుక్కుంటుంటే, ఎవరికీ కనపడదులే అని బతిమాలి చెవి వెనక తన వేలితో తాను పెట్టిన చుక్క.

 అరిస్తే పాము. ఏడిస్తే అనుమానం. రంగుల బుట్ట వైపు తిరిగి, కనపడని కుంచె కోసం వెతికినట్టు వెతుకుతూ కళ్లు తుడుచుకుంది. ఆ ఏనుగుల వరస చూడబోతే వెండిగుర్రం వైపే తిరిగి ఉంది. గుర్రం వెనక నీలిరంగు గీత ఒకటి వంకర తిరుగుతూ పోతోంది.

"అయ్యా" అంది గొంతు సవరించుకుని, "ఈ పటంలో నన్ను దిద్దమనేది ఏమిటి? అన్నీ బాగానే ఉన్నాయే."

"వెలిసిపోయిన చోట్లు ఉన్నాయి. ఒక్క మచ్చ కూడా ఉండకూడదని ధూమకేశుడి ఆన. ఎందుకో మొదట నాకూ తెలీలేదు." ముసలాయన అటూ ఇటూ చూసి గొంతు ఇంకా తగ్గించాడు. "మొన్నామధ్య ఈ మూల చెదలు పట్టి కొండ బొమ్మను తినేశాయి. అది చూడక అక్కడికి గుర్రం బొమ్మను జరిపాను. జరిపానో లేదో సకిలించింది. మాయమైంది! సరిగ్గా ఆ కొండ మీదే ఎవరిదో గుర్రం తిరుగుతోందని మేకలవాళ్లు చెప్పుకున్నారు. పటం నేలకు అద్దమమ్మీ. అద్దం సరిగ్గా ఉన్నంతసేపే మంత్రం. పటం నేలను తప్పు చెప్పిన చోట మంత్రం పట్టదు. అప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. ఏ బొమ్మ కొయ్యో, ఏ బొమ్మ ప్రాణమో తెలీదు. చెబుదామంటే ఆ పాము నా వైపే చూస్తూ ఉంటుంది."

"అయితే ఈ నీలిగీత..."

"అదా, నల్లేరు. పెద్ద ఏరు. దీన్నే నువ్వు ముందు దిద్దాలి. ఎన్నిసార్లు దిద్దినా తెల్లారేసరికి వెలిసిపోతుంది. ఏ రంగూ నిలవదు. ఏమిటో దీని తీరు!"

కుముదినీదేవి బుట్టలోంచి నీలిమందు కుండ తీసి నేల మీద పెట్టింది. పొద్దున పోలి నవ్విన నవ్వు చెవిలో మళ్లీ వినిపించింది. తీగపేరు ఎవరో చెబితే, దూరదేశపు పటగాడెవడో విని, నల్లని ఏరనుకుని నీలిగీత గీసేశాడు! అక్కడ ఏరు లేదు. పటం నేలను తప్పు చెబుతోంది.

అంటే తన బిడ్డ నీళ్లలో దిగాలి.

ఆ ఆలోచన రావడమే ఆలస్యం, ఎన్ని భయాలు ఉన్నాయో అన్నీ ఒక్కసారే మీదికి వచ్చాయి. పోలి ఊరికే అన్నదేమో. నల్లేరనే ఏరు ఇంకెక్కడైనా ఉందేమో. మొన్నటి వానకు ఆ తీగల కింద నీళ్లు చేరాయేమో. తప్పయితే, మునిగిన బొమ్మ కుంపటికే. ఊరుకుంటే ఏనుగులు తొక్కిన బొమ్మ కూడా కుంపటికే.

ఆమె ఏటి పక్కన కూర్చుని, కుంచె ముంచి, మెల్లమెల్లగా గుర్రం వైపు జరిపింది. దాని కింద నేలకు కాస్త నీలి అంటిస్తే చాలుననుకుంది. కంచు పాము తల ఎత్తింది. సాన మీద కత్తి గీసినట్టు బుసకొట్టింది. ఆమె చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"చెప్పాను గదా!" అని గద్దించాడు నడిమయ్య.

కుడివైపు తెర వెనక నుంచి ధూమకేశుడి గొంతు మోగింది. "ముసలయ్యా! నా ఏనుగులు వెండిగుర్రం మీదికి! తొక్కించెయ్!"

పుల్లతో ఏనుగులను ముందుకు జరిపాడు నడిమయ్య. తర్వాత ఎడమ తెర వైపు తిరిగి గంట కొట్టాడు. "మహారాజా! వెండిగుర్రపు దండుకు ఎదురుగా ఏనుగులు. వెనక నల్లేరు. మీ ఎత్తు చెప్పండి."

తెర వెనక నిట్టూర్పు వినిపించింది. అలసిన ఆ గొంతు కుముదినీదేవికి బాగా తెలుసు. "ఇంకేముంది నడిమయ్య గారూ. నిలిచి పోరాడటమే..."

నిలిస్తే చస్తాడు. ఆమె అరవలేదు. కుంచె ముంచి ఏటికి నీలి పూస్తూ, పనివాళ్లు పాడుకున్నట్టే పాట అందుకుంది.  

"లాలమ్మ లాల, నా వెండికొండకు లాల,
మెడలోతు నీళ్లల్లో నిలబెట్టి లాల..."

పాము తల తిప్పి చూసింది. చంటిబిడ్డకు నీళ్లు పోసే పాట. అందులో ఎత్తు లేదు, దండు లేదు. మళ్లీ తల వాల్చింది.

 ఎడమ తెర వెనక ఏదో లోటా కింద పడి దొర్లిన శబ్దం.

వెండికొండ. ఆ ముద్దుపేరుతో కొడుకును పిలిచే గొంతు లోకంలో ఒక్కటే. ఆ గొంతు ఆ బిడ్డను చీలమండ లోతు నీళ్లకు కూడా ఏనాడూ పంపలేదు. దానికోసం ఆలుమగలిద్దరూ ఎన్నిసార్లు పోట్లాడుకున్నారో!

"నడిమయ్య గారూ" అన్నాడు రాజు, మాటలు కూడదీసుకుంటూ. "లోపల పాడేదెవరు?"

"పటం దిద్దే ఆడమనిషి మహారాజా. వద్దంటాను."

"వద్దనకండి. ఒక్కటి అడగండి. ఆమెకు నీళ్లంటే భయం లేదా అని."

నడిమయ్య వింతగా ఆమె వైపు చూశాడు. ఆమె పటం మీంచి తల ఎత్తలేదు.

"శానా భయమయ్యా" అంది. "ప్రాణం పోయేంత భయం. అయినా పోయాల. ఈసారికి లాల పోసి తీరాల."

తెర వెనక చిన్న పటం మీద బొమ్మ జరిపిన చప్పుడు. 

"నా ఎత్తు చెబుతున్నాను" అన్నాడు రాజు. "వెండిగుర్రాన్ని నల్లేట్లో దించండి."

"మహారాజా! పడవలు లేవు! దిగిన దండు మునిగినట్టే! కట్టడి తెలుసు గదా!"

"తెలుసు. దించండి."

కుడి తెర వెనక పకపకా నవ్వు వినిపించింది. "భలే భలే! ఏనుగులకు శ్రమ తప్పించావయ్యా విశ్వంభరా!"

ముసలాయన వెదురుపుల్ల చాపాడు. వెండిగుర్రం నెమ్మదిగా వెనక్కి జరిగింది. గడ్డి దాటింది. గట్టు దాటింది.  గుర్రపు వెనక కాళ్లు నీలిగీతను తాకాయి. ముందు కాళ్లూ తాకాయి. బొమ్మ నడి ఏట్లో నిలబడింది.

ఏమీ కాలేదు. డెక్కల కింద నీలి వెలిసిపోయి ఉంది, ఆమె పూసిన తడి నీలి ఇంకా అక్కడిదాకా పాకలేదు.

నడిమయ్య ముఖం తిప్పుకుని పట్టకారు అందుకున్నాడు. "మునిగింది" అన్నాడు. కుంపటిలో నిప్పులు చిటపటమన్నాయి. "ఇంకాసేపు ఆగండయ్యా, ఒక్క క్షణం" అని ఆమె ఆయన కాళ్లు పట్టుకుంది. "కట్టడి తల్లీ, నేనేం చెయ్యను" అంటూ ఆయన వంగాడు. పట్టకారు చాపాడు. నొక్కాడు.

గుర్రం సకిలించింది!

చెవులు గింగురుమనే సకిలింపు అది. నిండు గుర్రపు సకిలింపు. పచ్చని కిటికీలు గలగలమన్నాయి. తుఫాను గాలి ఏదో పటం మీంచి లేచి తెరలను రెపరెపలాడించి పోయింది. దూరంగా, బయట, గుట్ట కింద ఎక్కడో డెక్కల చప్పుడు. నడిమయ్య పట్టకారు పైకెత్తి చూసుకున్నాడు. అందులో గుర్రం లేదు, రౌతు లేదు. నాలుగు పలకల పచ్చని నల్లేరు కాడ ఒకటి, అప్పుడే తుంచినట్టు రసం కారుతూ, పట్టకారు చివర వేలాడుతోంది.

"బతికాడు" అంది కుముదినీదేవి. తర్వాత వెంటనే, "గుర్రం మీంచి పడలేదు గదా?" అంది.

ఎడమ తెర వెనక విశ్వంభరుడు లేవబోయి, ఆట గుర్తొచ్చి, బలవంతాన కూర్చున్నాడు. కుడి తెర మాత్రం నిలువునా చిరిగింది. పొగలు చిమ్ముతున్న జుట్టుతో, తేలు తలకాయ కర్రతో, ధూమకేశుడు మధ్యగదిలోకి వచ్చి పడ్డాడు. పట్టకారు చివర నల్లేరు కాడ చూశాడు. నీలిగీత చూశాడు. నీలిమరకల చేతులు చూశాడు.

"ఎవతివే నువ్వు?"

"నేనా అయ్యా? రంగులు వేసుకునేదాన్ని."

"రంగులు వేసుకునేదానికి నా పటంలో తప్పెక్కడుందో ఎలా తెలుసు?"

"నడిచొచ్చాను గదా" అంది కుముదినీదేవి. ఇంక దాగి లాభం లేదని తెలిశాక ఆమె గొంతులో మహారాణి లేచి నిలబడింది. "మరి నువ్వు నడిచి చూడలేదా ఆ దారి? పల్లకిలోంచి దిగకుండా పటం గీయించావా? ఇంక దాని మీద నీ పెత్తనం సాగదు."

నడిమయ్య నిలబడి చేతులు చాపి అడ్డం వచ్చాడు. "ధూమకేశా! పోరు నడుస్తుండగా మధ్యగదిలో అడుగుపెట్టావు! నువ్వు ఓడినట్టే లెక్క!"

"నీ లెక్కలు నువ్వే పెట్టుకో ముసలయ్యా!"

మాంత్రికుడు కర్ర ఎత్తాడు. కర్ర తలకాయలోని తేలు తోక జాడించింది. సన్నని ఎర్రని వెలుగు ఒకటి వచ్చి కుముదినీదేవి భుజం మీద తగిలింది. అంతే. చందనపు స్తంభాలు ఒక్కసారిగా తాడిచెట్లయ్యాయి. నడిమయ్య గడ్డం ఆకాశంలో తెల్లమబ్బయింది. చంకలోని బుట్ట, చీర, ముక్కుపుల్ల, అన్నీ ఆమెతో పాటే కుదించుకుపోయాయి. నేల మీద వదిలేసిన నీలిమందు కుండ మాత్రం కుదించుకుపోలేదు. అది ఆమె పక్కన కోటబురుజంత ఎత్తున నిలబడింది. మాంత్రికుడు రెండు వేళ్లతో ఆమెను పైకెత్తి పటం మీద విసిరాడు. ఆమె దొర్లుతూ పోయి పసుపుబాట పక్కన పడింది. ఒళ్లు తడుముకుంది. ఎక్కడా విరగలేదు. కానీ మోకాళ్ల దాకా కాళ్లు అప్పుడే కొయ్యబారిపోతున్నాయి.

ఏనుగులు ఆమెకు ఎదురుగా, కొండలంత. వాటి వరసలో ఒక మావటివాడి కంట్లో నీటి చుక్క నిలిచి ఉంది. వాడూ ఎవరో తల్లి కన్నబిడ్డే.

"పామూ! దాన్ని కదలనీయకు!" అని పైన ఉరిమింది ధూమకేశుడి గొంతు.

బొమ్మ కదిలిందని చూసి కంచు పాము విసురుగా దూకింది. ఏనాడూ ఇంత జోరుగా దూకి ఎరగదు. తోక వెళ్లి నీలిమందు కుండకు తగిలింది. కుండ భళ్లున బద్దలైంది.

కుముదినీదేవికి ముందు హోరు వినిపించింది. తల తిప్పి చూస్తే నీలి నీళ్లు గోడలా లేచి వస్తున్నాయి. కొండలను మింగుతూ, బాటలను చెరుపుతూ, నురుగులు కక్కుతూ, పటంలో లేని ఏరు, లోకంలో లేని ఏరు, ఆమె మీదికే వస్తోంది. ఆ నీలి తాకిన చోటల్లా మంత్రం వీడి సకిలింపులు, ఘీంకారాలు, మనుషుల అరుపులు. వెనక పాము పడగ. ఎటు పోవాలి?

పుట్టిన నాటి నుంచీ నీళ్లకు ఆమడ దూరాన నిలబడ్డ మనిషి. ఈ నీలి తనను తేల్చి ఏ కోనలో విడుస్తుందో, ఏ శిఖరం మీద, ఏ మృగాల మధ్య పడేస్తుందో ఎవరు చెప్పగలరు? నల్లేరు దగ్గర తన బిడ్డ ఎదురుచూస్తుంటే తాను ఇంకెక్కడో తేలితే? అసలు తేలకపోతే?

భయాలన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చాయి. ఆమె ఒక్కదాన్నీ తోసెయ్యలేదు. కొయ్యబారుతున్న కాళ్లను ఈడ్చుకుంటూ, ముతక చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంటూ, "లాలమ్మ లాల" అని తనకు తానే చెప్పుకుంటూ, కుముదినీదేవి ఆ నీలివరదకు ఎదురు పరుగెత్తింది.